బొమ్మ రాశానంటే తప్పా?

సందేహం: నేను డిజైన్ కోర్సు చివరి సంవత్సరం చదువుతున్నాను. ప్రాజెక్టు కోసం అన్నమాచార్యుల మీద పన్నెండు బొమ్మల వరుస తయారు చేస్తున్నాను. చేత్తో చేసిన కాగితం మీద సిరా, నీటిరంగులు, పాత చీరల ముక్కలు, పలుచని రాగి రేకు, అక్కడక్కడ దారపు కుట్టు అన్నీ కలిసి ఉంటాయి. శ్రీకాళహస్తి దగ్గర పల్లెలో ఉండే మా అమ్మమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "ఎన్ని బొమ్మలు రాసినావు?" అని అడుగుతుంది. ఈ సంగతి తరగతిలో చెబితే, బొమ్మ గీస్తారు, వేస్తారు గానీ రాయడమేమిటని నవ్వారు. అమ్మమ్మ మాట తప్పా? అట్ట మీద "అన్నమాచార్య జీవిత చిత్రీకరణ: మిశ్రమ మాధ్యమ దృష్టాంతీకరణ" అని పెట్టాను, సరిపోతుందా? వీటిని చిత్తరువులు అనవచ్చా? (ఒక విద్యార్థిని, హైదరాబాదు)

సమాధానం: అమ్మా, నవ్వినవారి సంగతి తరువాత చూద్దాం. మీ అమ్మమ్మగారి నోట ఉన్నది తప్పు మాట కాదు, చాలా పాత మాట. "వ్రాయు" అనే క్రియకు అక్షరాలు దిద్దడం ఎంత సొంత అర్థమో, బొమ్మను రూపు కట్టించడమూ అంతే సొంత అర్థం. 1852లో వెలువడిన బ్రౌను నిఘంటువు సైతం ఈ రెండింటినీ చెప్పింది. మన పక్కింటి భాషలను అడిగితే సాక్ష్యం ఇంకా గట్టిగా దొరుకుతుంది. తమిళంలో "వరై", కన్నడంలో "బరె" ఈ మాటకు తోబుట్టువులు. తమిళుడు ఓవియాన్ని, అంటే చిత్రాన్ని, ఇప్పటికీ "వరై"స్తాడు, కన్నడిగుడు ఉత్తరాన్నీ చిత్రాన్నీ కూడా "బరె"స్తాడు, వారి తరగతి గదుల్లో ఎవరూ నవ్వరు. తమిళంలో "విరల్" అన్నది మనకు "వ్రేలు" అయి, ఆపై వేలు అయినట్టే, ఈ ధాతువులోని అచ్చు పక్కకు జరిగి "వ్రాయు" అయింది, తరువాత వకారం కూడా జారిపోయి "రాయు"గా నిలిచింది. వకారం ఉంచి రాయాలా, తీసి రాయాలా అన్న తగవు నేడు పెట్టుకోను.

అయితే ఆ వకారం జారడంతో ఒక చిక్కు వచ్చిపడింది. ఒరుసుకోవడం, రుద్దడం అనే అర్థాల "రాయు" మనకు వేరే ఉంది. రాపిడి, రాచుకోవడం, రాసుకుపూసుకు తిరగడం దాని సంతతే. ఇంట్లో తలకు నూనె రాయడమూ అదే అనుకుంటాను, కాకపోతే రంగు పూసే "వ్రాయు" కూడా కొంత వచ్చి ఇందులో కలిసిందేమోనన్న అనుమానం నాకు తీరలేదు. ఉచ్చారణలో రెండు మాటలూ ఒకటైపోయాక, బడి చదువు విస్తరించి "రాత" అంటే దస్తూరీ మాత్రమే అనుకునే రోజులు వచ్చాక, బొమ్మకు ఆ క్రియలో చోటు లేకుండా పోయింది.

పూర్తిగా పోయిందనడం కూడా పొరపాటే. మీ అమ్మమ్మగారి ఊరు ఎక్కడో చెప్పి మీరే నా పని తేలిక చేశారు. నేడు అందరూ కలంకారీ అంటున్న శ్రీకాళహస్తి పనికి పాత తెలుగు పేరు "వ్రాతపని". కలంకారీ అన్నది పారసీ నుంచి వచ్చిన మాట. కరక్కాయ, గేదెపాలు పట్టించి ఆరబెట్టిన గుడ్డను పరుచుకుని, మొన దేరిన వెదురుపుల్లకు పీలికో ఉన్నో చుట్టి దారంతో బిగించి, ఇనుపముక్కలూ బెల్లమూ కలిపి పులియబెట్టిన నల్లరంగులో ముంచి, చుట్టిన చోట వేళ్లతో నొక్కుతూ ఆ తడిని మొనకు దింపుతూ పనివాడు రాముణ్ణీ రావణుణ్ణీ రాస్తాడు. కథ చెప్పే అక్షరాలు కూడా ఆ గుడ్డ మీదే, ఆ కలంతోనే పడతాయి. ఒకే చెయ్యి, ఒకే కలం, ఒకే నలుపు అయినప్పుడు అక్షరానికి ఒక క్రియ, ఆకారానికి ఇంకొక క్రియ ఎందుకు? మచిలీపట్నం, పెడన వైపు అచ్చులతో చేసే పనిని "అద్దకం" అన్నారు గానీ రాత అనలేదు. పనిని బట్టి క్రియను ఎంచుకోవడం మనవారికి అంత బాగా తెలుసు.

మీరు ఎంచుకున్న కవి ఈ విషయంలో నాకు పెద్ద ఆసరా. "ఏమొకో చిగురుటధరమున ఎడనెడ కస్తూరి నిండెను, భామిని విభునకు వ్రాసిన పత్రిక కాదుకదా" అన్న పల్లవి మీరు విని ఉంటారు. వినడం వేరు, చూడడం వేరు. బొమ్మలు వేసేవారు దీన్ని కళ్లతో చూడాలి. అమ్మవారి పెదవి చిగురాకు. ఆ ఆకు మీద అక్కడొకటి, ఇక్కడొకటిగా కస్తూరి మరకలు ఉన్నాయి. "ఎడనెడ" అన్న మాటలో ఆ చెదురు అంతా ఉంది. చూసిన చెలికత్తెలకు నవ్వు వచ్చి, ఏమిటే ఇది, ఆయనకు రాసిన ఉత్తరం కాదు కదా అంటున్నారు. మరకను ఉత్తరమని ఎలా అనగలిగారు? తాటాకు మీద రాత ఎలా కనబడుతుందో తెలిస్తే ఆ సంగతి తెలుస్తుంది. గంటంతో గీరినప్పుడు అక్షరం ఉంటుంది కానీ కంటికి ఆనదు. పైన మసి పూసి తుడిస్తే గాడిలో నలుపు నిలిచి అప్పుడు రాత పైకి తేలుతుంది. చిగురు మీద కస్తూరి కూడా అలాంటిదే, ఆకు మీద నిలిచిన నలుపు. "పత్రిక" అంటే ఉత్తరమూ అవుతుంది, చిన్న ఆకూ అవుతుంది. అంతటితో ఆగలేదు. చెక్కిళ్ల మీద కస్తూరితో తీర్చే ఆకుల అలంకరణకు పత్రలేఖ అనీ, మకరికాపత్రాలనీ పేర్లు ఉన్నాయి, ప్రబంధకవులు వాటిని "వ్రాయిస్తారు". కాబట్టి ఆ "వ్రాసిన"లో ఉత్తరం రాయడమూ బొమ్మ రాయడమూ రెండూ ఒకేసారి పలుకుతున్నాయి. ఒక అర్థాన్ని తీసేస్తే పల్లవి సగమైపోతుంది. నేడు దీన్ని పాడేవారిలో చాలామంది ఉత్తరాన్ని మాత్రం అందుకుని ఆకును వదిలేస్తున్నారు. వ్యాఖ్యానాలు చెప్పేవారు కూడా కస్తూరి ఎక్కడిదో చెప్పే సరదాలో పడి క్రియను చూడరు. మీ పన్నెండు బొమ్మల్లో ఈ పల్లవి లేకపోతే చేర్చండి. సిరా, ఆకు, రాత ఒకే చోట దొరికే సందర్భం అన్నమయ్య పాటల్లోనే అరుదు, ఇతర కవులలో ఇంకా అరుదు.

మిగిలిన క్రియల సంగతి క్లుప్తంగా చెబుతాను. "గీయు"లో కత్తి ఉంది, గడ్డం గీయడం, కల్లు గీయడం, గీత కార్మికుడు అందులోవే, గీతలే ప్రాణమైన బొమ్మకు అది నప్పుతుంది. "వేయు" ముగ్గుకు వచ్చినట్టే బొమ్మకూ వచ్చింది, దానికి వంక లేదు. "లిఖించు"కు మూలమైన సంస్కృత ధాతువు గీరడమే, ఉషకు అనిరుద్ధుడి రూపాన్ని రాసి చూపిన చెలికత్తె పేరు చిత్రలేఖ కావడం ఊరికే కాదు. "రచన" మొదట పూలనో జడనో తీర్చి అమర్చడం, అక్షరాలవాళ్లు తరువాత దాన్ని కబ్జా చేశారు.

ఇక మీ అట్ట మీది మాటలు. "చిత్రీకరణ"ను సినిమావారు షూటింగుకు తీసేసుకున్నారు, మీ శీర్షిక చదివినవారు కెమెరా ఎక్కడని వెతుకుతారు. "మిశ్రమ మాధ్యమం" అంటే తెలుగు, ఇంగ్లీషు కలిపి పాఠం చెప్పే బడి గుర్తొస్తుంది. "దృష్టాంతీకరణ" అన్నది ఏ మనిషీ నోటితో అని ఉండడు. ఇంగ్లీషు మాటను ముందు పెట్టుకుని నిఘంటువులో దానికి ఎదురుగా ఉన్న ముక్కకు తోక తగిలిస్తే ఇలాంటి మాటలే పుడతాయి. వారపత్రికల్లో కథ పేరు కింద ఇన్నేళ్లుగా "బొమ్మ: ఫలానా" అని ఊరికే వేసుకుంటున్నారే, అది మీకు ఎందుకు చాలలేదో నాకు అర్థం కాలేదు. మిక్స్‌డ్ మీడియా అని చెప్పక తప్పకపోతే ఆ ఇంగ్లీషు మాటనే తెలుగు లిపిలో పెట్టండి, అది దొంగ సంస్కృతం కన్నా నిజాయితీగా ఉంటుంది. తెలుగే కావాలంటే పూసలకూ పద్యాలకూ వాడే "కూర్చు" ఉంది. కాగితం, గుడ్డ, రేకు, దారం కలిసిన పనికి "బొమ్మల కూర్పు" అనడం నాకు సమ్మతమే, అదొక్కటే సరైనదని మాత్రం అనలేను.

"రాశాను" అనవచ్చా అన్నదానికి నా మాట ఇది. సిరాతో, కుంచెతో వచ్చిన భాగాలను "రాశాను" అని ధైర్యంగా అనండి. రాగి రేకు మీద మొనతో తేల్చినది గీయడమో చెక్కడమో అవుతుంది, చీరముక్కలు అతికినవి, దారం కుట్టినది. పన్నెండింటినీ కలిపి "అన్నమయ్యను రాశాను" అంటే మాత్రం నేటి పాఠకుడు మీరు పుస్తకం రాశారని అనుకుంటాడు. ఆ తప్పు మీది కాకపోయినా వివరించుకునే బాధ మీదే కనుక, అట్ట మీద వద్దు, అమ్మమ్మతో మాట్లాడేటప్పుడు ఉంచుకోండి.

"చిత్తరువు" చిత్రరూపానికి వికృతి అంటారు, ఒక మనిషి పోలికను దించిన బొమ్మకు అది బాగా ఒప్పుతుంది. కదలక మెదలక నిలిచిపోయినవారిని చిత్తరువైపోయారంటాం. మీ పన్నెండులో ఆయన ఒంటరిగా నిలిచి ఉన్నవాటికి ఆ పేరు పెట్టండి, కథ నడిచేవాటికి నేనైతే పెట్టను.

ఒకటి మిగిలింది. అన్నమయ్య పాటలను చెక్కిన రాగిరేకులు ఉన్నాయి కదా, వాటిలో శృంగార సంకీర్తనల తొలి రేకు మొదటి మాటల్లో ఆయన ఆ పాటలను "వ్రాసిన"ట్టు లేదు, స్వామికి "విన్నపము సేసిన"ట్టు ఉంది. రేకు మీద రాత ఇంకొకరి చేతిపని. బొమ్మల అడుగున "అన్నమయ్య రాసిన కీర్తన" అని మీరు పెట్టి ఉంటే ఆ క్రియను ఇంకోసారి చూసుకోండి.