బెస్సారియన్ జీవిత చరిత్ర రాస్తున్న యువ మిత్రునికి

చిరంజీవికి ఆశీస్సులు.

పదిహేనో శతాబ్దపు గ్రీకు పండితుడు, రోమన్ చర్చిలో కార్డినల్ (పోప్ తర్వాతి స్థాయి మతాధికారి) అయిన బెస్సారియన్‌పై నీవు పంపిన అధ్యాయాలు శ్రద్ధగా చదివాను. పుట్టిన నల్ల సముద్ర తీరపు ట్రెబిజాండ్ మొదలు కన్నుమూసిన ఇటలీలోని రవెన్నా వరకు ఆయన పొందిన పదవులన్నీ వరుసగా ఉన్నాయి గానీ, వాటికోసం ఆయన ఏం వదులుకున్నాడో ఎక్కడా కనిపించలేదు.

1439 జులై 6న ఫ్లోరెన్స్ ప్రధాన దేవాలయంలో తూర్పు (గ్రీకు), పడమటి (రోమన్) చర్చిల ఐక్యతా ప్రకటనను లాటిన్‌లో కార్డినల్ చెసరీని, గ్రీకులో బెస్సారియన్ చదివిన ఘట్టాన్ని ఒక్క వాక్యంతో దాటేశావు. ఆయన జీవితం మలుపు తిరిగింది అక్కడే కాబట్టి అక్కడ నిదానించు. తురుష్కుల ఒత్తిడిలో ఉన్న గ్రీకు సామ్రాజ్య రాజధాని కాన్‌స్టాంటినోపుల్‌కు పశ్చిమం నుంచి సాయం రావాలన్న ఆశ ఒక్కటే ఆయనను నడిపించిందని రాయడం అన్యాయం. ప్రాచీన క్రైస్తవాచార్యుడు సెయింట్ బేసిల్ గ్రంథంలో, పరిశుద్ధాత్మ ఎవరి నుంచి వెలువడుతుందన్న రెండు చర్చిల వివాదానికి మూలమైన పాఠం కోసం ఆయన పాత ప్రతులను పట్టుబట్టి వెతికి, ఒకదానితో ఒకటి పోల్చి చూశాడు. పండితుడూ మతాచార్యుడూ ఆయనలో వేరు కారని చూపడానికి నాకు తెలిసి ఇంతకన్నా బలమైన ఉదాహరణ లేదు. అయితే ఆ ఐక్యతను స్వదేశంలో చాలామంది తిరస్కరించారని, ఆయన ఇటలీకి వెళ్లి రోమన్ కార్డినల్‌గా స్థిరపడడం వారికి ద్రోహంగా తోచిందని కూడా అంతే స్పష్టంగా రాయి. ఆయన మీద నీకున్న గౌరవం వారి బాధను కప్పిపుచ్చకూడదు.

1455లో పోప్ పదవి దాదాపు చేతికందినట్టే అంది, గ్రీకువాడన్న అభ్యంతరంతో తప్పిపోయిన సంగతికి ఒక పేరా చాలు. 1453లో కాన్‌స్టాంటినోపుల్ పతనమయ్యాక గ్రీకు గ్రంథాలు నశించిపోతాయన్న భయంతో ఆయన లేఖకులను పెట్టి ప్రతులు రాయించిన తీరుకు మాత్రం పేజీలు కేటాయించు. 1468లో వెనిస్‌కు దానమిచ్చిన ఏడు వందలకు పైగా సంపుటాలలో 482 గ్రీకువే. ఆ నగరంలోని మార్చియానా గ్రంథాలయానికి పునాది ఆ సంపుటాలే. రోమ్‌ను కాదని వెనిస్‌ను ఎంచుకోవడానికి, అక్కడ గ్రీకులు ఎందరో స్థిరపడి ఉండడం ఒక కారణమని దానపత్రంలో ఆయనే చెప్పుకున్నాడు. ఆ పత్రాన్ని ఫ్లోరెన్స్ ఘట్టం పక్కన పెట్టుకుని చదివితే, తన జాతివారికి దూరమైన మనిషి వారికోసమే ఏం దాచిపెట్టాడో నీ కలానికి అందుతుంది.

ముందుగా ఫ్లోరెన్స్ అధ్యాయాన్ని తిరగరాసి పంపు.