టెక్ సందేహాలు: ఫోన్‌ని ఉరి తీయకండి

ప్రశ్న: సర్వీస్ సెంటర్‌కి ఇంగ్లిష్‌లో మెయిల్ రాస్తూ 'మై ఫోన్ హ్యాంగ్డ్' అన్నాను. 'హంగ్' అనాలంటాడు మా అబ్బాయి. కీబోర్డు మాత్రం ఎర్రగీత పెట్టలేదు. గ్రామర్ సరిచూసే కీబోర్డు యాప్ వేసుకోమంటారా?

జవాబు: మీ అబ్బాయిదే రైటు. మనిషిని ఉరి తీస్తే 'హ్యాంగ్డ్'. చొక్కా వంకీకి తగిలించినా, గోడకి ఫొటో వేలాడదీసినా, ఫోన్ బిగుసుకుపోయినా 'హంగ్'. పాత ఇంగ్లిష్‌లో ఇవి వేర్వేరు క్రియలు. తర్వాత కలిసిపోయినా కోర్టు భాష పాత రూపాన్ని వదల్లేదు. 2024 జూన్ దాకా అమల్లో ఉన్న 1973 నాటి మన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో, సెక్షన్ 354(5) కింద మరణశిక్ష గురించి రాసిన చోట ఉండింది 'హ్యాంగ్డ్' అనే మాటే. 'ఫ్రోజ్' అని రాసేస్తే ఈ గొడవే ఉండదు.

ఎర్రగీత ఎందుకు రాలేదంటే, మామూలు స్పెల్ చెకర్ చూసేది ఆ మాట నిఘంటువులో ఉందా లేదా అన్నదొక్కటే. రెండూ ఉన్నాయి మరి. పర్సు దొరికిందని చెప్పబోయి 'ఫౌండ్' బదులు 'ఫౌండెడ్' కొట్టినా అది నోరెత్తదు. మీరు పర్సును స్థాపించినట్టు అర్థమొస్తుంది. పైగా మీరు పదేపదే కొట్టిన తప్పునే నేర్చుకుని మళ్లీ మీకే సూచిస్తుంది. చాలా కీబోర్డుల్లో ఆ సూచనను నొక్కి పట్టుకుంటే తీసేసే వీలుంటుంది.

ఇక ఆ యాప్ సంగతి. ఒక్క క్రియ కోసం ఇంటి తాళాలు ఇచ్చేస్తారా? కొత్త కీబోర్డును ఆన్ చేసేటప్పుడు, పాస్‌వర్డులు, కార్డు నంబర్లతో సహా మీరు టైప్ చేసేదంతా ఇది సేకరించగలదని ఆండ్రాయిడ్ హెచ్చరిస్తుంది. చదవకుండా 'ఓకే' కొట్టేవాళ్లే ఎక్కువ. యూపీఐ పిన్ కొట్టే అంకెల పలక యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ సంస్థది కాబట్టి ఆ నాలుగో ఆరో అంకెలు కీబోర్డు కంట పడవు. మెయిల్ పాస్‌వర్డు, ఆధార్ నంబరు, చేత్తో కొట్టిన ఓటీపీ పడతాయి. ఐఫోన్‌లో అయితే కీబోర్డు సెట్టింగ్స్‌లో 'అలో ఫుల్ యాక్సెస్' ఆపి ఉంచండి. కంప్యూటర్‌లో క్రోమ్ బ్రౌజర్‌కి తగిలించే గ్రామర్ ఎక్స్‌టెన్షన్ కావాలనుకుంటే, దాని 'సైట్ యాక్సెస్'ను 'ఆన్ క్లిక్'కి మార్చండి. లేకపోతే బ్యాంకు పేజీ కూడా దాని ముందు తెరిచిన పుస్తకమే. ఉచితంగా ఇస్తూ అన్ని సైట్లకూ అనుమతి అడిగే గ్రామర్ పరికరాన్ని నేనైతే గడప దాటనివ్వను.

అసలు మీ మెయిల్‌కి పట్టిన జబ్బు వ్యాకరణం కాదు. 'హ్యాంగ్ అయింది' అంటే అవతలివాడికి ఏం తెలుస్తుంది? ఫిర్యాదు ఫారాల్లో కూడా 'ఫోన్ హ్యాంగ్స్' అని ఒక్క గడి పెట్టి ఊరుకుంటారు, అది మరీ నిర్లక్ష్యం. ఏ యాప్ తెరిచి ఉండగా ఆగింది, ఎన్ని నిమిషాలకు తేరుకుంది, చివరి అప్‌డేట్ ఎప్పుడు వేశారు, స్టోరేజ్‌లో ఎన్ని జీబీ ఖాళీ ఉంది, పవర్ బటన్‌ని పది సెకన్లకు పైగా నొక్కి పట్టుకుంటే తప్ప రీస్టార్ట్ కాలేదా: ఇవి రాయండి. తెలుగులో రాసినా సరే.