డెబ్బై తొమ్మిది భాగాలూ చూపించబోయే బుజ్జికి

పర్లాకిమిడి

చిరంజీవి బుజ్జికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు హాస్టలు స్నేహితులను పోగుచేసి, ‘స్టార్ ట్రెక్’ అనే పాత అమెరికా అంతరిక్ష యాత్రల టీవీ ధారావాహిక డెబ్బై తొమ్మిది భాగాలనూ మళ్లీ వేసి, ప్రతిదాని తరువాత నేటి రాజకీయాల మీద చర్చ పెట్టబోతున్నావని మీ నాన్న నిన్న ఫోనులో చెప్పాడు. నేను అంటించిన పిచ్చి నీదాకా వచ్చినందుకు పొంగిపోయాను. వచ్చేవారిలో సగంమంది ఒడియా పిల్లలు, సగంమంది మనవాళ్లు అన్న మాట వినగానే మాత్రం గుండె పీచుపీచుమంది.

చిన్న సంగతులు ముందు చెబుతాను. ఇంగ్లీషు మాటలు తెర అడుగున పడేటట్లు చూసుకో. రోజుకు ఒక్క భాగం చాలు. మూడవ ఏడాదివి కొన్ని పేలవంగా ఉంటాయి, వదిలేసినా పాపం లేదు. అట్టతో చేసిన బండరాళ్లను చూసి నవ్వితే నవ్వనీ. అది 1966 నాటి సరుకు.

నవ్వు అయ్యాక, ఆ అంతరిక్ష ఓడ నడిపే గదిలో ఎవరెవరిని కూర్చోబెట్టారో చూడమను. అమెరికా, రష్యాలు ఒకదానిమీద ఒకటి అణ్వాయుధాలు గురిపెట్టిన రోజులలో అక్కడ ఒక రష్యా కుర్రాడున్నాడు. ఊహురా అనే నల్లజాతి అధికారిణి పాత్ర వేసిన నిషెల్ నికోల్స్ మొదటి ఏడాది తరువాత మానుకోబోతే, ఉండిపొమ్మని చెప్పినవారు మార్టిన్ లూథర్ కింగ్. ఓడ నడిపే సులూగా వేసిన జార్జ్ టకేయిని పసితనంలో, జపాను సంతతివాడన్న ఒక్క కారణంతో, సొంత దేశమే కుటుంబంతో సహా నిర్బంధ శిబిరంలో పెట్టింది.

ఇక నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ‘బ్యాలెన్స్ ఆఫ్ టెర్రర్’ అనే భాగం. నూరేళ్ల కిందట యుద్ధం చేసిన రెండు పక్షాలు ఒకరి ముఖం ఒకరు చూడకుండానే రేడియోలో సంధి చేసుకుని, నడుమ ఒక మేర గీసుకుంటాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడి జమీందారీ రెండు ముక్కలైతే, మనం ఇటు, పాతపట్నంలోని మన చుట్టాలు అటు అయిన ఇంటివాళ్లకు ఇది వింత కథ కాదు. శత్రువు ముఖం మొదటిసారి తెరమీద కనబడేసరికి అది అచ్చం ఆ ఓడలోనే అధికారి అయిన స్పాక్ ముఖంలా ఉంటుంది. అంతే, పూర్వికులను ఆ యుద్ధంలో పోగొట్టుకున్న స్టైల్స్ అనే అధికారి తోటివాడైన స్పాక్‌నే గూఢచారిగా అనుమానిస్తాడు.

ఇరవై ఏళ్ల కిందట ఒక ఆదివారం, మా బడి ఉపాధ్యాయులను ఇంటికి పిలిచి ఈ భాగం వేశాను. ఆ ఏడు తెలుగు పంతులు ఖాళీ నింపమని మేము రాసిన అర్జీ పైకి వెళ్లలేదు. దాన్ని ఆపినవాడు నా పక్క గదిలో లెక్కలు చెప్పే ఒడియా మిత్రుడేనని, ఏ ఆధారమూ లేకుండా, నేను తేల్చేసుకున్నాను. స్టైల్స్ మాట్లాడుతుండగా బొమ్మ ఆపి, అందరి ముందూ ఆయన వైపు చూస్తూ, ‘మన బడిలోనూ ఒక స్టైల్స్ ఉన్నాడు’ అన్నాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. మీ పెద్దమ్మ మాత్రం వంటింట్లోంచి, ‘అనుమానపడ్డది ఆయన కాదు కదా, మీరే కదా’ అంది. నేను కసురుకున్నాను. రెండు నెలల తరువాత, ఆ అర్జీ మనవాళ్లలోనే ఒకాయన మరికొన్ని సంతకాలు చేయిద్దామని అలమారలో పెట్టి మరిచిపోయాడని తెలిసింది. క్షమించమని అడగడానికి రెండుసార్లు ఆయన వీధి మలుపుదాకా వెళ్లి తిరిగి వచ్చాను. మూడేళ్లకు ఆయన కూతురి పెళ్లి శుభలేఖ ఇంటికి వచ్చింది. వెళ్లి భోంచేసి వచ్చాను. ఆ మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు, ఈనాటికీ ఎత్తలేదు.

అందుకే చెబుతున్నాను తల్లీ, చర్చలో ఎవరినీ ఏ పాత్రతోనూ పోల్చనివ్వకు. ఆంధ్రా, ఒడిశా రెండూ మావేననే కొటియా గ్రామాల తగవు గురించి ఎవరైనా తెస్తారు, తప్పక తెస్తారు, తేనీ. తన పక్షం చేసిన తప్పు ఒకటి చెప్పినవాడికే ఎదుటివారిని వేలెత్తి చూపే వంతు ఇవ్వు. నీతోనే మొదలుపెట్టు. నీకు కోపం ముక్కుమీద ఉంటుంది, అది మా నాన్న నుంచి నాకూ, నా నుంచి నీకూ వచ్చింది. గిడుగు వారు పాఠం చెప్పిన ఊరివాడినై ఉండి ఇంత బిగిసిన భాషలో మందలిస్తున్నానని నవ్వుకోకు.

రాత్రి పొద్దుపోయేదాకా మేలుకోకు. ఆ భాగం వేసే రోజు ముందుగా కబురుచెయ్యి. ఆయనను కూడా రమ్మని అడుగుతాను. వస్తే మాకు వెనక వరసలో రెండు కుర్చీలు ఉంచు.

పెదనాన్న