హిట్టు పాట తర్వాత

అల్లుడూ,

మీ బ్యాండు పాట హిట్టయిందనీ, తర్వాతి ఆల్బమ్ మొత్తం అలాగే మెత్తగా చేయమని కంపెనీవాళ్లు అడిగితే నువ్వు సరేనన్నావనీ మీ అమ్మ చెప్పింది. ఆ పాట పెట్టుకుని పదేపదే విన్నాను. ఛాతీ ఉప్పొంగింది. కానీ అందులో గిటారూ నీ గొంతూ తప్ప ఇంకేమీ లేవు. అప్పటి నుంచి టెన్షన్ పట్టుకుంది.

గొంతు కాపాడుకో. వేళకి తిను. సంతకం పెట్టే ముందు కాగితాలు లాయరుకి చూపించు.

నా భయమంతా మీ డ్రమ్మర్ గురించి. ఎక్స్‌ట్రీమ్ అనే అమెరికన్ బ్యాండ్ 'మోర్ దాన్ వర్డ్స్' వీడియో చూడు. ఫంక్, మెటల్ కలిపి దుమ్ము రేపేవాళ్లు. 1991లో అమెరికాలో నంబర్ వన్ అయిన పాట మాత్రం ఒక అకూస్టిక్ గిటారు, రెండు గొంతులతోనే నడుస్తుంది. డ్రమ్మర్, బేస్ గిటారిస్టు పని లేక లైటర్లు పట్టుకుని కూర్చుంటారు. చూసినవాళ్లు సరదాపడతారు. డ్రమ్స్ వాయించినవాణ్ణి, నాకు నవ్వు రాదు.

మాకూ ఒకప్పుడు ఇలాగే ఒక నెమ్మది పాట పేలింది. ఆ తర్వాత కొత్త పాట వచ్చినప్పుడల్లా మా సింగర్ "దీనికి డ్రమ్స్ వద్దులే" అనేవాడు. ప్రేమగానే అనేవాడు. మొదట నా చేతికి స్టిక్స్ బదులు మెత్తగా వాయించే బ్రష్‌లొచ్చాయి. తర్వాత చేత్తో ఊపే టాంబురిన్. ఆల్బమ్ పూర్తయ్యేసరికి అదీ లేదు. బేస్ వాయించే మావాడు రోజూ వచ్చి, కేసు తెరవకుండానే కూర్చుని, నేలమీద చిక్కుపడ్డ కేబుళ్లు చుట్టలు చుట్టి పెట్టి వెళ్లేవాడు. "నీకెలా ఉందిరా" అని సింగర్ ఒక్కసారి అడగలేదు. ఒకరోజు ఆ బేస్ వాడు రావడం మానేశాడు. పాత మోత పాటలు కావాలని జనం మళ్లీ అడిగే నాటికి వాయించడానికి మేం కలిసి లేం.

దారి మార్చడం తప్పని నేననను. గూ గూ డాల్స్ అనే ఇంకో అమెరికన్ బ్యాండ్‌వాళ్లు పంక్ గోలతో మొదలై, 1995లో 'నేమ్' హిట్టయ్యాక మెత్తని పాటల వైపు మళ్లారు. 1998లో వచ్చిన 'ఐరిస్' విను. మెత్తని పాటే, అయినా డ్రమ్స్ అందుకున్న చోట పాట లేచి నిలబడుతుంది. మెత్తదనం పేరు చెప్పి ఎవర్నీ ఖాళీగా కూర్చోబెట్టక్కర్లేదు.

ఇంకోటి. రాసినవాడిగా ఎవరి పేరుంటే రచన రాయల్టీ వాళ్లకే. ఈ పాట నీ ఒక్కడి పేరు మీదే ఉందట. ముందు ముందు పంపకం ఎలాగో నలుగురూ ఇప్పుడే రాసుకోండి. డబ్బు వచ్చాక మాట్లాడటం కష్టం.

అసలు మీ డ్రమ్మర్‌ని అడక్కుండా సరేనని ఎలా అన్నావురా? నీకు గిటారు మీద కార్డ్స్ కూడా కుదరని రోజుల్లో నీ వెనక తాళం తప్పకుండా కాసినవాడు వాడే కదా. చివరి చరణంలో నీ గొంతు వణికిన చోట మీ అమ్మా నేనూ కళ్లు తుడుచుకున్నాం. అంత బాగా పాడినవాడివి, ఈపాటి చూసుకోలేవా?

ఇది చదవగానే వాడికి ఫోన్ చెయ్యి. నాకు తర్వాత చేద్దువుగాని.

మీ మావయ్య