పళ్ల క్లిప్పులు: వైరు సరిగ్గా జారడం లేదా?

సమస్య: నా వయసు 22. ఎత్తు పళ్లకు సెరామిక్ క్లిప్పులు వేయించుకున్నాను. పైనా కిందా కలిపి నాలుగు పళ్లు తీశారు. ఆ ఖాళీలు చాలా నెమ్మదిగా మూసుకుంటున్నాయి. వైరుకీ బ్రాకెట్‌కీ (పంటికి అతికించే చిన్న బిళ్ల) మధ్య రాపిడి ఎక్కువగా ఉందని డాక్టర్ అంటున్నారు. రబ్బరు రింగులు అక్కర్లేని సెల్ఫ్ లైగేటింగ్ రకానికి మారితే త్వరగా అయిపోతుందా?

సలహా: ముందు నెమ్మది అంటే ఎంతో చూద్దాం. ప్రీమోలార్ పన్ను (కోరపన్ను వెనక ఉండే చిన్న దవడ పన్ను) తీస్తే సుమారు 7 మిల్లీమీటర్ల ఖాళీ వస్తుంది. నెలకు ఒక మిల్లీమీటరు తగ్గినా చికిత్స బాగానే సాగుతున్నట్టు.

మీ డాక్టర్ చెప్పిన రాపిడి మాట నిజమే. పవర్ చైనో (రబ్బరు గొలుసు) స్ప్రింగో లాగే బలంలో కొంత రాపిడికే ఖర్చయిపోతుంది, మిగిలిందే పంటికి అందుతుంది. సెరామిక్ బ్రాకెట్‌లో వైరు కూర్చునే గాడి మామూలుగా స్టీలు గాడి అంత నునుపుగా ఉండదు. వైర్లలోనూ స్టీలు బాగా జారుతుంది, నికెల్ టైటానియం అంతకన్నా తక్కువ, బీటా టైటానియం ఇంకా తక్కువ. ఖాళీలు మూసే దశలో చాలామంది మందపాటి స్టీలు వైరు వేసేది అందుకే.

అయితే అసలు అడ్డు రాపిడి ఒక్కటే కాదు. మనం లాగేది పంటి పైభాగాన్ని, వేరేమో ఎముకలో ఉంటుంది. దాంతో పన్ను ముందు కాస్త ఒరుగుతుంది. ఒక పక్క పట్టుకుని లాగిన సొరుగులా, గాడి అంచులు వైరును పట్టేస్తాయి. వేరు కదిలి పన్ను మళ్లీ నిటారుగా వచ్చాకే ఇంకొంచెం జారుతుంది. ఏ కంపెనీ బ్రాకెట్ పెట్టినా ఇది తప్పదు. సెల్ఫ్ లైగేటింగ్‌లో వైరును పట్టి ఉంచడానికి రబ్బరు రింగు బదులు చిన్న తలుపు ఉంటుంది. ప్రయోగశాలలో రాపిడి తక్కువే కనిపించింది కానీ, రోగుల మీద చేసిన పోలికల్లో చికిత్స కాలం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. మధ్యలో అన్నీ పీకి మార్చుకోమని నేనైతే చెప్పను.

ఈసారి వెళ్లినప్పుడు వైరు ఎక్కడైనా వంగిందేమో, బ్రాకెట్ ఊడిందేమో చూడమనండి. రబ్బరు రింగుల బదులు సన్నని స్టీలు తీగతో వదులుగా కట్టడం వీలవుతుందేమో అడగండి. వైరు చుట్టూ పాచి పేరుకుంటే జారడం ఇంకా కష్టమవుతుంది, అక్కడ బ్రష్ బాగా ఆడించండి.

‘ఇంకా గట్టిగా లాగండి’ అని మాత్రం అడగొద్దు. బలం మితిమీరితే వేరు చుట్టూ రక్త ప్రసరణ తగ్గి పన్ను కొన్ని వారాలు కదలదు. వేరు కరిగే ప్రమాదమూ ఉంది. పైగా ముందు పళ్లు వెనక్కి వెళ్లాల్సింది పోయి వెనక దవడ పళ్లే ముందుకొచ్చేస్తాయి. ఖాళీ మూసుకుంటుంది, ఎత్తు అలాగే ఉండిపోతుంది.

వరసగా మూడు నెలలు కొలిచినా ఖాళీలో ఏ తేడా లేకపోతే, పన్ను ఎముకకు అతుక్కుపోయిందేమో పరీక్షించి ఎక్స్‌రే తీయించాలి.