రాయితీ వేరు, సహాయం వేరు

సందేహం: మా గ్రామసభ తీర్మానం రాసే పని నాకు అప్పగించారు. “మా గ్రామంలోని సేంద్రీయ వ్యవసాయానికి, నిరాశ్రయుల కుటుంబాలకు ప్రభుత్వం రాయితీ మంజూరు చేయవలెను” అని రాశాను. ‘సేంద్రియ’ అని ఉండాలని ఒకరు, ‘నిరాశ్రయులు’ బదులు ‘ఇల్లు లేనివారు’ అంటే చాలునని మరొకరు అన్నారు. ఏది సరి?
– ఒక ఉపాధ్యాయుడు, దేవరకొండ ప్రాంతం, నల్లగొండ జిల్లా

సమాధానం: ‘సేంద్రియ’ అన్నదే సరి. స, ఇంద్రియ అనే రెండూ గుణసంధితో కలిసిన మాట ఇది. ఇంద్రియ శబ్దంలో ‘ద్రి’ హ్రస్వమే కనుక దీర్ఘానికి చోటు లేదు. జాతీయ, భారతీయ వంటి మాటల పోలికతో అది వచ్చి చేరింది. ఇంద్రియాలు గల ద్రవ్యం చేతనమని చెప్పేచోట చరకసంహిత వాడిన మాట కూడా సేంద్రియమే. అయితే ప్రభుత్వ వ్యవహారంలో సేంద్రియ వ్యవసాయం, ప్రకృతి వ్యవసాయం వేరువేరు పద్దులని గమనించండి. 2015లో మొదలైన పరంపరాగత్ కృషి వికాస్ యోజన మొదటిదానికి సంబంధించినది. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం 2,481 కోట్ల రూపాయలతో ఆమోదించిన జాతీయ ప్రకృతి వ్యవసాయ మిషన్ రెండోదానికి. వర్మీకంపోస్టు, వేపపిండి కొని వేసే రైతు సేంద్రియ వ్యవసాయం కిందికి వస్తాడు. ఇంటి ఆవు పేడ, మూత్రంతో జీవామృతం కలుపుకొనే రైతుది ప్రకృతి వ్యవసాయం. మీ ఊరిలో రెండు రకాల రైతులూ ఉంటే రెండు మాటలూ రాయండి.

మీరు అడగకపోయినా, ఆ వాక్యంలో నన్ను ఎక్కువసేపు ఆపిన మాట రాయితీ. అరబ్బీలో మేపడం, కాపాడటం అనే అర్థమున్న ధాతువు నుంచి పుట్టిన ‘రిఆయత్’ ఉర్దూ మీదుగా మనకు వచ్చి రాయితీ అయింది. మంద అనీ, ఏలిక కాపాడవలసిన ప్రజ అనీ అర్థమిచ్చే ‘రయ్యత్’ కూడా ఆ ధాతువు నుంచే పుట్టి, మన నోట రైతు అయింది. రైతు, రాయితీ అంత దగ్గరి చుట్టాలు. కానీ ఇప్పుడు వాడుకలో రాయితీకి ధరలో తగ్గింపు అనే అర్థమే స్థిరపడింది. పచ్చిరొట్ట కోసం జీలుగ, జనుము విత్తనాలు కొన్నప్పుడు ధరలో కొంత ప్రభుత్వం భరించి, మిగిలినది రైతు కడితే అది రాయితీ. 2018లో రైతుబంధు కింద ఎకరానికి, పంటకు 4,000 రూపాయల చొప్పున ఇచ్చినది రాయితీ కాదు, పెట్టుబడి సాయం. ఇందిరమ్మ ఇంటికి ఇచ్చే 5 లక్షల రూపాయలూ సహాయమే. నిలువ నీడ లేని కుటుంబానికి రాయితీ ఇమ్మని అడిగితే, ఆ కుటుంబం ముందుగా కొంత సొమ్ము కట్టగలదని మనమే ఒప్పుకొన్నట్టవుతుంది. చేతిలో చిల్లిగవ్వ లేనివారి పక్షాన రాసే కాగితంలో ఆ మాట ఉండకూడదని నా గట్టి అభిప్రాయం.

ఇక నిరాశ్రయుల సంగతి. ‘నిరాశ్రయుల కుటుంబాలు’ అంటే నిరాశ్రయులైన వ్యక్తులకు చెందిన కుటుంబాలనే అర్థం కూడా వస్తుంది. ఆ కుటుంబాలకు ఇళ్లు ఉండవచ్చు కూడా. కుటుంబమే ఆశ్రయం లేనిదైతే ‘నిరాశ్రయ కుటుంబం’ అనాలి. నిర్వాసితులు అన్న మాటతోనూ దీన్ని కలపకండి. నిర్వాసితుడు అంటే వెళ్లగొట్టబడినవాడు. శ్రీశైలం జలాశయంలో ఊళ్లు మునిగిన కొల్లాపూర్, ఆలంపూర్ ప్రాంతాలవారికి ఈ మాట బాగా తెలుసు. అందులో పోయిన ఇంటి జ్ఞాపకం, రావలసిన పరిహారం రెండూ ఉన్నాయి. నిరాశ్రయుడికి అలాంటి పూర్వకథ ఉండాలన్న నియమం లేదు. ‘ఇల్లు లేనివారు’ తేటతెలుగు మాట, నాకూ ఇష్టమే, కానీ దాని అర్థం మరీ విశాలం: కిరాయి ఇంట్లో ఉండేవారూ సొంత ఇల్లు లేనివారే. 2011 జనగణన మాత్రం ఏ కట్టడంలోనూ నివాసం లేక రోడ్డు పక్కన, మెట్ల కింద, గుడి మండపాల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద బతికేవారిని విడిగా లెక్కించింది. దేశంలో వారు 17.7 లక్షల మందికి పైగా తేలారు. పాలమూరు నుంచి వలస వెళ్లి, కట్టే మేడ పక్కనే డేరాలో పడుకొనే కూలీకి ఊరిలో ఇల్లుంటే, ఊరి జాబితాలో అతడు ఇల్లున్నవాడే; పని చోట మాత్రం నిరాశ్రయుడు. అన్నిటికంటే ముఖ్యమైన తేడా మన ‘జాగ’ అన్న మాట దగ్గర ఉంది. ఇందిరమ్మ ఇళ్ల మొదటి విడత సొంత జాగ ఉన్నవారికే కనుక, ఇల్లూ జాగా రెండూ లేనివారిని మీ తీర్మానం పేరుపెట్టి చెప్పకపోతే వారు లెక్కలోకి రారు.

కాబట్టి ఇలా మార్చి రాయవచ్చు: “మా గ్రామంలో సేంద్రియ, ప్రకృతి వ్యవసాయం చేస్తున్న రైతులకు విత్తనాల ధరలో రాయితీని, సొంత ఇల్లుగానీ ఇంటి జాగగానీ లేని కుటుంబాలకు జాగను, ఇల్లు కట్టుకోవడానికి ఆర్థిక సహాయాన్ని ప్రభుత్వం మంజూరు చేయాలని ఈ గ్రామసభ కోరుతున్నది.” దీనికి జతచేసే పేర్ల పట్టికకు ‘లబ్ధిదారులు’ అని శీర్షిక పెట్టేటప్పుడు ‘బ’ కింద ‘ధ’ వత్తు రాయండి, ‘ద’ వత్తు కాదు, లభ్ ధాతువులోని ‘భ’ను ఒత్తి పలికే గుణం అక్కడికి చేరింది.