విదేశాంగ విధానంలో మానవ హక్కులు: గల్ఫ్ క్యాంపు నుంచి చూస్తే

“దేశ ప్రయోజనాలే ముఖ్యం అనుకున్నప్పుడు, ప్రజాస్వామ్య దేశం బయటి దేశాలతో మానవ హక్కుల గురించి గట్టిగా మాట్లాడటం సాధ్యమేనా?” అని అడిగారు. సాధ్యమే. నేను గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాణ్ని కాబట్టి నాకు తెలిసిన ఆ సంగతే చెప్తాను.

మాది జగిత్యాల వైపు పల్లె. ఒక గల్ఫ్ దేశంలో నిర్మాణ కంపెనీలో కొన్నేళ్లు టైమ్‌కీపర్‌గా చేశాను. హాజరు రాసేది నేనే కనుక ఎవరు ఎన్ని గంటలు చాకిరీ చేశారో, చేతికి ఎంత వచ్చిందో నాకు తెలిసేది. దిగిన రోజే పాస్‌పోర్టులు కంపెనీ తీసి పెట్టుకుంది. తర్వాత నెలల తరబడి జీతాలు ఆపేసింది. లేబర్ కోర్టుకు పోవచ్చు. కానీ కేసు తేలేదాకా ఇంకో చోట పనిచేయరాదు. కంపెనీ ఇఖామా (అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి కార్డు) రెన్యువల్ చేయకపోతే బయట పోలీసులకు దొరికినోడు జైలుకే. ఇక్కడ ఇంటి దగ్గర మిత్తి పెరుగుతనే ఉంటుంది. చివరికి చాలామంది “నాకు రావాల్సిందంతా ముట్టింది” అన్న కాగితం మీద సంతకం పెట్టి విమానం ఎక్కారు. కొందరు క్యాంపు విడిచిపోయి ఖల్లివల్లి అయ్యారు. అంటే కాగితాల్లేకుండా దాక్కుంటూ కూలి చేసుకునేవాళ్లన్నమాట.

మా గోడు వినడానికి వచ్చిన మన దేశ అధికారి మంచి మనిషి. అందరి పేర్లూ రాసుకున్నారు, కంపెనీతో ఫోన్లో మాట్లాడారు, లేఖ కూడా పంపారు. అంతకు మించి చేసే అధికారం ఆయనకు లేదు. అదే క్యాంపులో ఫిలిప్పీన్స్ వాళ్లూ ఉండేవాళ్లు. వాళ్ల కాంట్రాక్టులను వాళ్ల దేశపు లేబర్ ఆఫీసు ముందే సరిచూసి ముద్ర వేసింది. ఎగ్గొడితే మళ్లీ అక్కడినుంచి మనుషులు రారని మా మేనేజర్లకు భయం. వాళ్ల బకాయిలే ముందు తేలాయి. మన జనాభాలో పదో వంతు కూడా లేని దేశం అది.

2018లో కువైట్‌లో ఫిలిప్పీన్స్ పనిమనిషి శవం ఫ్రీజర్‌లో దొరికినప్పుడు ఆ దేశం కువైట్‌కు కొత్తగా కార్మికులను పంపడం ఆపేసింది. కువైట్ కోపంతో వాళ్ల రాయబారిని వెళ్లగొట్టింది. అయినా మే నెలలో ఒప్పందం మీద సంతకాలయ్యాయి: పాస్‌పోర్టు లాక్కోకూడదు, ఫోను దగ్గర ఉంచుకోనివ్వాలి, వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి. ఇళ్లలో పనికి పోయే మన ఆడవాళ్ల కోసం మన ప్రభుత్వం కూడా ఒక మంచి షరతు పెట్టింది. యజమాని 2,500 డాలర్ల బ్యాంకు గ్యారంటీ కట్టాలి. కువైట్ ఒప్పుకోలేదు, మన ఆడవాళ్లకు వీసాలు ఆపేసింది. 2017లో మనమే ఆ షరతు ఎత్తేశాం. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి కువైట్ పోయే అక్కచెల్లెళ్లకు దానివల్ల పోయింది ఎంతో ఊహించండి.

మన దేశానికి ధైర్యం చేతకాదని మాత్రం నేను ఒప్పుకోను. 1946లో, ఇంకా స్వాతంత్ర్యమే రాకముందు, దక్షిణాఫ్రికాలో భారతీయులను చూస్తున్న తీరు మీద ఐక్యరాజ్యసమితిలో ఫిర్యాదు పెట్టాం. ఆ దేశంతో వ్యాపారం తెంచుకున్నాం. విజయలక్ష్మీ పండిట్ ఐక్యరాజ్యసమితిలో వాదించారు, తీర్మానం నెగ్గింది. దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా పోయినవాళ్లలో విశాఖ, గంజాం వైపు తెలుగువాళ్లు ఎందరో ఉన్నారు. అంటే అప్పటి ఫిర్యాదు మనవాళ్ల కోసం కూడా.

ఇప్పుడు ఆరు గల్ఫ్ దేశాల్లో దాదాపు 90 లక్షల మంది భారతీయులు ఉన్నారు. వాళ్లు పంపే డబ్బు, అక్కడినుంచి వచ్చే చమురు, పెట్టుబడులు అన్నీ కలిపి లెక్కేసుకుని ఢిల్లీ మెత్తగా మాట్లాడుతుంది. “గట్టిగా అడిగితే ఉద్యోగాలు నేపాల్‌కో బంగ్లాదేశ్‌కో పోతాయి” అంటారు. ఈ వాదనను నేను కొట్టిపారేయను, ఆకలి తెలిసినవాణ్ని. కానీ 2020లో ఇదే వాదనతో గల్ఫ్‌కు పోయే కార్మికులకు మన ప్రభుత్వమే నిర్ణయించే కనీస వేతనాన్ని 30 నుంచి 50 శాతం తగ్గించింది. కొవిడ్‌లో జీతాలు అందక వట్టి చేతులతో తిరిగొచ్చిన రోజులవి. తెలంగాణలోని గల్ఫ్ సంఘాలవాళ్లు హైకోర్టులో పిల్ (ప్రజా ప్రయోజన వ్యాజ్యం) వేశారు, పార్లమెంటులో ప్రశ్నలు లేచాయి, 2021 జులైకల్లా కేంద్రం ఆ తగ్గింపును వెనక్కి తీసుకుంది. ప్రజాస్వామ్యం కాని దేశంలో ఇది జరిగేది కాదు. మీ ప్రశ్నకు నా అసలు జవాబు ఇక్కడే ఉంది: విదేశాంగ విధానంలోకి నీతి ఇంటి లోపలి ఒత్తిడితోనే వస్తుంది.

ఒత్తిడి ఉంటే మన దౌత్యం ఎంత గట్టిదో ఖతార్‌లో చూశాం. 2023 అక్టోబర్‌లో మరణశిక్ష పడిన ఎనిమిది మంది మాజీ నౌకాదళం వాళ్లు 2024 ఫిబ్రవరికల్లా విడుదలయ్యారు. నాకు చాలా సంతోషం అనిపించింది. అదే ఏడాది జూన్‌లో కువైట్ మంగాఫ్‌లో కార్మికులు ఉండే భవనం కాలి కనీసం 45 మంది భారతీయులు చనిపోతే, మంత్రి వెళ్లారు, వాయుసేన విమానం శవాలను తెచ్చింది. ఆ వేగాన్ని మెచ్చుకోవాల్సిందే. నేను అడిగేది, అంతమందిని ఒకే భవనంలో కుక్కే పద్ధతి గురించి మనుషులు బతికుండగానే మాట్లాడమని.

పోటీ భయానికి దారి లేకపోలేదు. కార్మికులను పంపే ఆసియా దేశాలు 12 కలిసి కొలంబో ప్రాసెస్ అని ఒక వేదిక నడుపుతున్నాయి. 2024లో దాని అధ్యక్షత భారత్‌కు వచ్చింది. అందరూ కలిసి ఒకే కనీస వేతనం అడిగితే ఒకరి ఉద్యోగం ఇంకొకరికి పోదు. వలస కార్మికుల హక్కులపై ఐక్యరాజ్యసమితి 1990లో చేసిన ఒప్పందంలో ఫిలిప్పీన్స్, శ్రీలంక, బంగ్లాదేశ్ ఎప్పుడో చేరాయి. మనం ఇంకా చేరలేదు.

మీ నియోజకవర్గ ఎంపీ ఎవరైనా సరే, అందరికీ ఒకే కనీస వేతనం అడగడం, ఐక్యరాజ్యసమితి ఒప్పందంలో చేరడం అనే ఈ రెండు విషయాల మీద లోక్‌సభలో ప్రశ్న వేయమని ఉత్తరం రాయండి. ప్రశ్న స్వీకరిస్తే విదేశాంగ శాఖ జవాబివ్వాలి, అది రికార్డులో ఉంటుంది. మా ఊళ్ల నుంచి మేం రాస్తున్నాం. గల్ఫ్‌తో సంబంధం లేని ఊళ్ల నుంచి కూడా వెళ్తే ఇంకా బాగుంటుంది.